పద్నాలుగో మేకు

ప్యాకింగ్ షెడ్డు ఉత్తరపు గోడకు రెండు వరసల్లో నలభై మేకులున్నాయి. ప్రతి మేకు కింద నల్లరంగుతో ఒక అంకె. ఫెర్న్ ఆకు కోసేవాళ్లు పని దిగగానే ఎవరి కత్తెర వాళ్ల మేకుకు తగిలించి ఇంటికి పోతారు. ఎండాకాలంలో పూలగుత్తులు కట్టేవాళ్లకు ఆకు అవసరం తగ్గిపోతుంది. అప్పుడు కొందరు ఉత్తరాదికి బ్లూబెర్రీ కోతకు వెళ్తారు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్తారు, కొందరు ఇంట్లోనే ఉండి నడుముకు కాపడం పెట్టుకుంటారు. తిరిగి వచ్చేవాళ్లయితే కత్తెర గోడమీదే ఉంటుంది. ఇక రానివాళ్లు తీసుకుపోతారు. దీన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఇప్పటి యజమాని హాగ్‌స్ట్రమ్ తండ్రి ఆ మేకులు కొట్టిన నాటి నుంచి అలాగే జరుగుతోంది. ఫలానా మనిషి మళ్లీ వస్తాడా అని ఎవరడిగినా మేస్త్రీ ఫిదెన్సియో ముప్పై ఏళ్లుగా ఒకటే జవాబు చెబుతున్నాడు.

"గోడ చూసుకో."

ఆగస్టులో ఆఫీసు అమ్మాయి యెసేనియా పనివాళ్ల జాబితా సరిచేస్తూ అడిగినప్పుడు కూడా ఆయన అదే మాట అన్నాడు. అన్న తర్వాత అయిదారు అడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి ఇంకో మాట చెప్పాలనుకున్నాడు. అప్పటికి లారీ వచ్చింది. ఆకు ఎక్కించాలి. చెప్పలేదు.

చెప్పని ఆ మాట సెప్టెంబరు ఇరవై రెండున, సోమవారం ఉదయం, రబ్బరు బూట్లు వేసుకుని షెడ్డులోకి నడిచి వచ్చింది.

ఎర్లిందా సన్నబడింది. తలకు గుడ్డ కట్టుకుంది, దానిమీద టోపీ. పందొమ్మిదేళ్లుగా ఆ షెడ్డులోకి ఆమె భర్త నికాంద్రో వెనక రెండడుగుల దూరంలో వచ్చేది. ఇప్పుడు ఒక్కతే వచ్చింది. జూన్ మొదట్లో భర్తకు లివరు చెడిందని తెలిసిన రోజు, "ఈయన సంగతి చూసుకుని వస్తాను" అని ఫిదెన్సియోతో చెప్పి, కత్తెరకు నూనె రాసి, పద్నాలుగో మేకుకు తగిలించి వెళ్లింది. నికాంద్రో కత్తెర పదిహేనో మేకుకు ఉంది. అతను పోయింది జూలై పందొమ్మిదిన.

ఆమె గోడ ముందు నిలబడింది. పద్నాలుగో మేకు ఖాళీగా ఉంది. పదిహేనో మేకుకు ఆకుపచ్చ టేపు చుట్టిన కత్తెర వేలాడుతోంది. ఆమె దాన్ని చూసింది గాని ముట్టుకోలేదు.

"ఎర్లిందా అత్తా" అని యెసేనియా ఆఫీసు గుమ్మంలోంచి పిలిచింది. "ఒకసారి ఇలా రండి."

గాజు కిటికీ అవతల ఏం మాట్లాడుకుంటున్నారో ఫిదెన్సియోకు వినబడలేదు. యెసేనియా ఒక కాగితం బల్లమీద పెట్టి వేలితో చూపిస్తోంది. ఎర్లిందా తల ఊపుతోంది. కాసేపటికి ఆ కాగితాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని బయటికొచ్చింది.

"ఇవాళ చెయ్యడం లేదు కొంపాద్రే" అంది. వాళ్ల కూతురికి బాప్తిస్మంలో ఫిదెన్సియో జ్ఞానతండ్రి. అందుకని భార్యాభర్తలిద్దరూ ఆయన్ని కొంపాద్రే అనే పిలిచేవాళ్లు, ఆయన ఆమెను కొమాద్రే అనేవాడు. "గురువారం లోపల దీనికి కాగితాలు జతచేసి తేవాలట."

అంతే చెప్పి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఫిదెన్సియో ఆఫీసులోకి వెళ్లాడు. టోపీ తీశాడు.

"అమ్మాయీ, ఆవిడకు ఆ కాగితం దేనికి?"

"కొత్తగా చేరేవాళ్లందరికీ ఇచ్చేదే ఫిదెన్సియో గారూ. ఈ దేశంలో పని చెయ్యడానికి అర్హత ఉందని చూపించే కాగితం. నింపాక సర్కారు కంప్యూటరులో ఎక్కించాలి. పాతికమంది దాటిన చోట రెండేళ్లుగా అదే చట్టం."

"ఆవిడ కొత్తా? నువ్వు పాలపళ్లతో ఈ షెడ్డులో పాకేటప్పుడు నిన్నెత్తుకుని తిరిగింది."

"నాకు తెలుసు." యెసేనియా మొహం ఎర్రబడింది. ఆమె తల్లి కూడా ఇక్కడే ఆకు కోసింది. "పాతవాళ్లకి కంప్యూటరు అక్కర్లేదు. సెలవుమీద వెళ్లి వచ్చినవాళ్లకీ అక్కర్లేదు. పని మానేసి మళ్లీ చేరినవాళ్లకే. అత్త మానేసినట్టు నేనే రాశాను. పత్రోన్ హాగ్‌స్ట్రమ్ గారు సంతకం కూడా పెట్టారు."

"మానేసినట్టు నీకెవరు చెప్పారు?"

"మీరే."

ఆయన టోపీని చేతుల్లో ఇటూ అటూ తిప్పాడు.

"గోడ చూసుకో అన్నారు కదా. జాబితా పట్టుకుని వెళ్లి ఒక్కో మేకూ చూశాను. కత్తెర ఉన్నవాళ్లకి సెలవు అని రాశాను. లేనివాళ్లకి వెళ్లిపోయారు అని రాశాను. పద్నాలుగు ఖాళీ. పెద్దాయన పోయాక ఇక ఆవిడకి ఈ తడిలో పని చెయ్యాలనిపించలేదేమో, కత్తెర తీసుకుపోయిందేమో అనుకున్నాను. ఇందులో నేను చేసిన తప్పేంటో చెప్పండి."

తప్పేమీ లేదు. ఆ గోడను ఆమె కన్నా నమ్మకంగా చదివినవాళ్లు ఎవరూ లేరు.

"వస్తానని నాతో చెప్పి వెళ్లింది" అన్నాడు.

"మీతో చెప్పింది. కాగితంతో చెప్పలేదు. పైగా మీరు ఆవిడకి కొంపాద్రే. రేపు తనిఖీకి వచ్చినవాళ్లు, మేకు ఎందుకు ఖాళీగా ఉందంటే నేనేం చెప్పను?"

మేకు ఎందుకు ఖాళీగా ఉందో ఫిదెన్సియోకు తెలుసు. లోకంలో ఆయన ఒక్కడికే తెలుసు.

ఆకు కోసే మనిషి చనిపోతే అతని కత్తెరను మేస్త్రీ మేకుమీంచి తీసి, శవపేటికలో చేతికందేలా పెడతాడు. నికాంద్రోను పూడ్చే రోజు పొద్దున్నే ఫిదెన్సియో షెడ్డుకు వచ్చాడు. దీపం వెయ్యలేదు. వేస్తే గోడంతా కనబడుతుంది, అది చూడాలనిపించలేదు. పక్కపక్కన రెండు కత్తెర్లు. రెంటికీ ఒకే ఆకుపచ్చ టేపు. చుట్టింది నికాంద్రోనే. చెయ్యి చాపి ఒకటి తీసుకుని, రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చర్చిలో రుమాలు విప్పి స్నేహితుడి కుడిచేతి కింద పెడుతుండగా కత్తెర అలుగు కనబడింది. అది ఎడమచేతివాటం వాళ్లది. ఆ షెడ్డు మొత్తంలో ఎడమచేత్తో కోసేది ఎర్లిందా ఒక్కతే.

వెనక వరసలో జనం నిలబడి ఉన్నారు. పాదిరి పుస్తకం తెరిచాడు. మూతవేసే మనుషులు చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని పక్కకు జరిగాడు.

తర్వాత చెబుదామనుకున్నాడు. తర్వాత, చెప్పి ఆమెను ఏడిపించడం ఎందుకనుకున్నాడు. ఎడమచేతి కత్తెర ఒకటి తెప్పించి మేకుకు తగిలిస్తే సరిపోతుందనుకున్నాడు. తెప్పించాడు కూడా. నెల రోజులుగా అది ఆయన ట్రక్కు అరలో డబ్బాలోనే ఉంది. పాతది ఏమైందని ఆమె అడుగుతుందని దాన్ని బయటికి తియ్యలేదు.

మధ్యాహ్నం ఆకుకు నీడనిచ్చే నల్లవల పందిరి కింద భోజనాలకు కూర్చున్నప్పుడు మాట అప్పుడే పాకిపోయి ఉంది. ఆకు కోసేవాళ్లలో చోలే అనే ఆవిడ నోట్లో పడ్డాక ఏ మాటైనా ఎంతసేపు. ఆమె టార్టియా రొట్టెలో బీన్సు చుట్టుకుంటూ అందరికీ వినబడేలా అంది.

"మేస్త్రీ గారూ, వచ్చే మంగళవారం నుంచి గంటకి పద్నాలుగు డాలర్లట కదా. పదమూడు పోయి పద్నాలుగు. నా మొగుడు నిన్న రాత్రి నుంచి ఆ డాలరుని మూడుసార్లు ఖర్చు పెట్టేశాడు."

కొందరు నవ్వారు.

"కట్టకి నలభై సెంట్ల లెక్కన గంటకి ముప్పై మూడు కట్టలు కోస్తే సరిపోయేది. ఇక ముప్పై అయిదు. అంతకు తక్కువ కోస్తే మిగతాది పత్రోన్ జేబులోంచి వెయ్యాలి. ఆయన ఊరికే వేస్తాడా? ముసలి చేతుల్ని ఒక్కొక్కటే దులుపుకుంటాడు. ఎర్లిందాతో మొదలెట్టాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు."

"పత్రోన్ ఏమీ మొదలుపెట్టలేదు" అన్నాడు ఫిదెన్సియో.

"మరి ఎవరు?"

ఆయన సీసాలో నీళ్లు తాగి మూత బిగించాడు.

"ఆ కాగితం ఆవిడ నింపదు మేస్త్రీ" అని చోలే గొంతు తగ్గించింది. "ఎందుకో మీకు తెలుసు, నాకు తెలుసు. తెలీదని చెప్పడం కూడా మనిద్దరికీ బాగా తెలుసు."

సాయంత్రం అందరూ వెళ్లాక ఆయన ట్రక్కులో కూర్చుని డబ్బా తెరిచాడు. సందులోని దుకాణంలో ఆకుపచ్చ టేపు కొన్నాడు. కొత్త కత్తెర పిడికి, నికాంద్రో చుట్టినట్టే, కిందనుంచి పైకి, ఒక చుట్టుమీద ఒక చుట్టు సగం పడేలా చుట్టాడు. రేపు తెల్లవారి దీన్ని పద్నాలుగో మేకుకు తగిలిస్తే చాలు. పదునుపెట్టడానికి తీసుకెళ్లాను, తిరిగి పెట్టడం మరిచాను, ఆ అమ్మాయి చూసినప్పుడు అది నా దగ్గర ఉంది అంటే చాలు. ఎవరూ కాదనరు. టేపు మరీ మెరుస్తోంది. కిందికి దిగి దారి పక్కన గుప్పెడు తడిమట్టి తీసుకుని పిడికి రాశాడు. మెరుపు పోయింది. అలుగు మీద కూడా కాస్త రాశాడు.

అప్పుడు ఆయన చేతులు ఆగాయి. అబద్ధం చెప్పడం వేరు, దానికి మట్టి పూసి పాతదానిలా చెయ్యడం వేరు. ఆయన పందొమ్మిదేళ్లు నికాంద్రోతో పని చేశాడు. తన లెక్కలో ఒక్క కట్ట తక్కువ పడినా నికాంద్రో చెప్పేవాడు కాదు, ఒక్కటి ఎక్కువ పడితే మాత్రం వచ్చి కొట్టేయించేవాడు. ఫిదెన్సియో కత్తెరను చొక్కా అంచుతో తుడిచి మళ్లీ డబ్బాలో పెట్టాడు. ట్రక్కును ఎర్లిందా ఇంటివైపు తిప్పాడు.

ఆమె చక్రాల ఇంటి వెనక ఎండ ఇంకా ఉంది. పొయ్యి మీద దాల్చినచెక్క వేసిన కాఫీ మరుగుతోంది. బల్లమీద ఆఫీసు కాగితం, దానిమీద ఎగిరిపోకుండా ఒక నిమ్మకాయ. ఒక్క గడీ కూడా నింపలేదు.

"కూర్చో కొంపాద్రే. రొట్టె తింటావా?"

"తర్వాత తింటాను. ముందు ఒక సంగతి చెప్పాలి." ఆయన కూర్చోలేదు. "పెట్టెలో నేను పెట్టింది నికాంద్రో కత్తెర కాదు. నీది."

ఆమె గరిటెతో కాఫీ కలుపుతూనే ఉంది.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. ఆయన చేతులు నేను చూడకుండా ఇంకెవరు చూస్తారు? ఎడమచేతి కత్తెర తీసుకెళ్లి కుడిచేతి కింద పెట్టావు." ఆమె పొయ్యి తగ్గించింది. "కావాలనే పెట్టావనుకున్నాను. నాది ఆయనకిచ్చి, ఆయనది నాకు గోడమీద ఉంచావని. ఈ రెండు నెలలూ అదే తలుచుకుంటున్నాను. మా కొంపాద్రే మాటలు తక్కువ మనిషి, అయినా ఎంత ఆలోచించాడో అని."

ఆయన ఆమె వీపు వైపు చూశాడు. అవును అంటే సరిపోతుంది. ఆమెకు ఆ ఊరట మిగులుతుంది, ఆయనకు ఆ గౌరవం మిగులుతుంది. ఆఫీసులో కూడా అదే చెప్పవచ్చు. వినడానికి పొరపాటు కన్నా అదే బాగుంటుంది.

"కాదు కొమాద్రే" అన్నాడు. "చీకట్లో తీశాను. కళ్లకు సరిగా కనబడలేదు. పొరపాటు. తెలిసాక కూడా మూతవేసేవాళ్లని ఆగమనలేకపోయాను."

 కాఫీ అంచుదాకా పొంగివచ్చింది. అప్పుడు ఆమె పొయ్యి కట్టేసింది.

"సరే" అంది. రెండు గ్లాసుల్లో పోసి ఒకటి ఆయన ముందు పెట్టింది. "పొరపాటైతే పొరపాటే. ఆయన మాత్రం నా గ్లాసులో కాఫీ పొరపాటున ఎన్నిసార్లు తాగలేదూ? ఏది ఎవరిదో ఈ ఇంట్లో ఎప్పుడు తేలింది గనక."

ఆయన కూర్చున్నాడు. ఆమె నిమ్మకాయ పక్కకు జరిపి కాగితాన్ని ఆయన వైపు తోసింది.

"ఇది నేను రాయలేను. ఎందుకని అడక్కు."

"అడగను."

"ఆకు కొయ్యడం తప్ప నాకు వచ్చింది లేదు. ఇంట్లో కూచుంటే ఆయన మంచం ఉన్న గదిలోకి చూడాల్సి వస్తుంది."

"రేపు నీతో ఆఫీసుకి వస్తాను. జరిగింది జరిగినట్టు చెబుతాను."

"నన్ను కూడా చెప్పమంటావా?"

"నిన్ను అడిగింది చెప్పు చాలు."

మంగళవారం ఉదయం హాగ్‌స్ట్రమ్ తన కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటాయి. మోకాళ్లు వంగవు. ఫిదెన్సియో చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు. గోడ పక్కన నిలబడి యెసేనియా కూడా విన్నది. ఖాళీ మేకు సంగతి వచ్చేసరికే ఆమె కళ్లు దించుకుంది.

"ఫిదెన్సియో" అన్నాడు యజమాని, "నాకు నీ మాట చాలు. కానీ తనిఖీవాడు వస్తే నీ మాటని ఏ అరలోంచి తీసి చూపించను?"

"కాగితంమీద రాసిస్తాను పత్రోన్."

"రాస్తే రాశావు. ఇంకోటి కూడా చెబుతాను, ఎలాగూ అందరూ వెనకాల అనుకుంటున్నదే." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వచ్చే వారం నుంచి పద్నాలుగు. ఆకు కొనేవాడు మాత్రం నాకు ఒక్క సెంటు పెంచలేదు. ఎవరినీ నా నోటితో పొమ్మనను. మా నాన్న అనలేదు, నేనూ అనను. అయితే కాగితం తనంతట తనే ఎవరినైనా తీసుకుపోతే అడ్డంపడక్కర్లేదని మాత్రం అనుకున్నాను. జాబితామీద సంతకం పెట్టేటప్పుడు కాదు, తర్వాత అనుకున్నాను. అది నిజం."

 ఎర్లిందా గుమ్మం దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ఎర్లిందా, నువ్వు జూన్‌లో వెళ్లినప్పుడు మళ్లీ రావాలనే వెళ్లావా?"

"నేను వెళ్లిందెక్కడికి పత్రోన్" అంది ఆమె. "ఆయన మంచం పక్కనే కదా ఉన్నాను."

హాగ్‌స్ట్రమ్ రెండు చేతులూ కుర్చీకి ఆనించి లేచాడు. "పదండి" అన్నాడు.

నలుగురూ గోడ దగ్గరికి వెళ్లారు. ఆయన పదిహేనో మేకుమీది కత్తెరను తీసి కుడిచేత్తో రెండుసార్లు ఆడించాడు. అది సాఫీగా ఆడింది. ఎడమచేతికి మార్చి ఆడించాడు. పట్టేసింది. పద్నాలుగో మేకు వైపు చూశాడు. కత్తెరను మళ్లీ దాని చోట తగిలించాడు.

"పందొమ్మిదేళ్లలో ఈమె కత్తెర ఎప్పుడైనా ఈ గోడమీంచి ఇంటికి పోయిందా?" అని ఫిదెన్సియోను అడిగాడు.

"ఒక్కసారే పత్రోన్. నేనే తీసుకుపోయాను."

హాగ్‌స్ట్రమ్ తల ఊపి యెసేనియా వైపు తిరిగాడు. "చట్టం ఏమంటుందో అమ్మాయిని చెప్పనీ."

"తిరిగి వస్తుందని రెండు పక్షాలకూ నమ్మకం ఉంటే అది సెలవే" అంది యెసేనియా. గొంతు సవరించుకుంది. "పాత కాగితమే సరిపోతుంది. కంప్యూటరు అక్కర్లేదు. కానీ నేను రాసింది ఎందుకు తప్పో కారణం జతచెయ్యాలి. ఫిదెన్సియో గారు తన చేత్తోనే రాయాలి. నేను రాసి ఆయన సంతకం పెడితే కుదరదు."

ఫిదెన్సియోకు రాయడం అలవాటు లేదు. కట్టల లెక్క తప్ప ఆయన చేతిరాత ఎవరూ చూడలేదు. ఆఫీసు బల్ల ముందు కూర్చుని ఏడు వరసలు రాయడానికి ముప్పావుగంట పట్టింది. జూన్ మూడున ఎర్లిందా తిరిగి వస్తానని నాతో చెప్పి తన కత్తెర పద్నాలుగో మేకుకు తగిలించింది. జూలై ఇరవై మూడున ఆమె భర్త కత్తెర అనుకుని దాన్ని నేను తీశాను. అది అతనితో పాటు మట్టిలో ఉంది. ఈ సంగతి నాకు ఆ రోజే తెలుసు. ఆగస్టులో యెసేనియా అడిగినప్పుడు నేను చెప్పలేదు. తప్పు గోడది కాదు, ఆమెది కాదు. నాది.

చివరి రెండు వాక్యాలు అక్కర్లేదేమో అంది యెసేనియా. ఉండనీ అన్నాడాయన.

ఆమె జాబితా బయటికి తీసింది. పద్నాలుగో వరసలో "వెళ్లిపోయింది" అన్న మాట మీద ఒకే ఒక్క గీత కొట్టింది. పక్కన "సెలవులో ఉంది" అని రాసి, తేదీ వేసి, తన పొడి అక్షరాలు పెట్టింది.

"తెల్లరంగు పూసి చెరిపెయ్యొచ్చు కదా" అన్నాడు ఫిదెన్సియో.

"చెరిపితే దొంగపని చేశారనుకుంటారు. మొదట రాసింది కింద కనబడుతూనే ఉండాలి."

ఎర్లిందా దగ్గరికి వచ్చి ఆ గీతను చూసింది. ఆమెకు చదవడం అంతగా రాదు. గీత కింద మాట ఏమిటని అడగలేదు. నింపని కాగితాన్ని బల్లమీద పెట్టింది. యెసేనియా దాన్ని తీసుకుని, నిలువుగా రెండు ముక్కలు చేసి బుట్టలో వేసింది.

"అత్తా" అంది, "ముందు మిమ్మల్నే అడగాల్సింది. ఇంటికి రావాలనుకున్నాను. ఆ ఇంట్లో ఏం మాట్లాడాలో తెలీక రాలేదు."

"నువ్వొక్కదానివే కాదులే" అంది ఎర్లిందా.

హాగ్‌స్ట్రమ్ గుమ్మందాకా వచ్చాడు. "వచ్చే మంగళవారం పనిలోకి రా. ఆ రోజు నుంచి గంటకి ముప్పై అయిదు కట్టలు. తగ్గితే నేను పూడుస్తాను, చట్టం అదే. ఎన్ని వారాలు పూడుస్తానో మాత్రం ఇప్పుడు చెప్పలేను."

"తెలుసు పత్రోన్."

"నువ్వు ఇదివరకు ఎన్ని కోసేదానివి?"

"నలభై. ఆయన పక్క వరసలో ఉండేవాడు. ఆయన్ని దాటాలని కోసేదాన్ని."

సెప్టెంబరు ముప్పై, మంగళవారం, షెడ్డు తలుపు తెరిచేసరికి ఎర్లిందా బయట నిలబడి ఉంది. ఫిదెన్సియో ట్రక్కు అరలోంచి డబ్బా తెచ్చి ఆమెకిచ్చాడు. ఆమె మూత తీసి చూసింది. టేపు మడతల్లో ఎండిన మట్టి ఇంకా కొంచెం ఉంది. దాన్ని గోటితో గీకింది.

"కొత్తదానికి మట్టేంటి?"

"ఒక తప్పుడు ఆలోచన. చెయ్యలేదులే."

 ఆమె కత్తెరను ఎడమచేత్తో ఆడించి చూసింది. గట్టిగా ఉంది, అరగాలి. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి పదిహేనో మేకుమీది కత్తెర తీసింది.

"ఉండనీ కొమాద్రే" అన్నాడు ఫిదెన్సియో. "ఎవరికీ అడ్డం లేదు కదా."

"గోడమీదుంటే వస్తాడనే కదా లెక్క" అంది ఆమె. తలగుడ్డ విప్పి, అందులో కత్తెరను చుట్టి, అన్నం సంచి అడుక్కి పెట్టింది. జుట్టు మామూలుగా వెనక్కి దువ్వుకుని టోపీ పెట్టుకుంది.

పందిరి కింద ఆకు తడిగా ఉంది. మోకాలి ఎత్తు. వంగి, వేళ్లతో కాడ వెతికి, అడుగున కొయ్యాలి. పాతిక కాడలు చేతిలోకి రాగానే చివర్లు సమంగా తట్టి రబ్బరు వెయ్యాలి. ఎర్లిందా పక్క వరస ఖాళీగా ఉంది. అవతలి వరసలో చోలే ఉంది. మొదటి గంట తిరిగేసరికి ఫిదెన్సియో లెక్క పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఎర్లిందా కుప్పలో ఇరవై తొమ్మిది కట్టలున్నాయి. ఆయన పెన్సిలు ఎత్తి పట్టుకుని ఒకసారి మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిదే.

చోలే వంగినచోటి నుంచే ఆరు కట్టలు వరస దాటించి ఇటు విసిరింది. అవి ఎర్లిందా కుప్ప పక్కన పడ్డాయి.

"గాలికి కొట్టుకొచ్చాయి మేస్త్రీ" అంది. "రాసుకోండి."

ఎర్లిందా నడుం ఎత్తింది. ఒక్కో కట్టా ఏరి తిరిగి అవతలికి విసిరింది. ఆరోది చోలే టోపీకి తగిలింది.

"నీ చెత్త రబ్బర్లు నా కుప్పలోకి రానివ్వకు. సగానికి పైగా వదులు."

"ఓసి, నోరు తిరిగి వచ్చిందే దీనికి."

ఫిదెన్సియో పుస్తకంలో పద్నాలుగో అంకె ఎదురుగా ఇరవై తొమ్మిది అని రాశాడు. ఆమె అప్పటికే మళ్లీ వంగి, ఎడమచేత్తో తర్వాతి కాడను వెతుకుతోంది.